నలభై అడుగుల గుట్ట

తుంబారా యుద్ధం నుంచి మన సైనికులను వెనక్కి పిలిపించాలని మంత్రివర్గం తీర్మానించినప్పుడు కాదన్నవాళ్లు ఒక్కరూ లేరు. అధికార పక్షం సరేనంది. ప్రతిపక్షం ఆ మాట ముందు తామే అన్నామంది. పత్రికలు మెచ్చుకున్నాయి. తుంబారా వాళ్లు కూడా చాలా సంతోషమని కబురు పంపారు. ఇంతమంది ఒప్పుకున్న పనిని ఆపే శక్తి దేశంలో ఎవరికీ లేదు కనుక ఆ అవకాశం నాకు దక్కింది.

నా పేరు సోమయాజులు. రక్షణ శాఖలో ఉపసంహరణ సెక్షను సూపరింటెండెంటుని. తీర్మానం నా బల్ల మీదికి వచ్చేనాటికి నాకింకా రెండేళ్ల సర్వీసు ఉంది. ఆ యుద్ధం అసలు ఎందుకు మొదలైందని మీరు అడగవచ్చు. అందుకు సంబంధించిన ఫైలు పక్క సెక్షనులో ఉండేది. పొదుపు చర్యల్లో ఆ సెక్షను ఎత్తేశారు. నాకు తెలిసిందల్లా మన సైనికులు ఆరువందల నలభై మంది సముద్రం అవతల పదిహేడో నంబరు గుట్ట అనే చోట ఐదేళ్లుగా ఉన్నారని. గుట్ట కింద తుంబారా సైన్యం ఉంది. ఇద్దరూ రోజుకి రెండు పూటలా కాల్చుకుంటున్నారు.

తీర్మానం చదవగానే నాకు నలభై ఏడో నియమం గుర్తొచ్చింది. తన స్థానంలోకి వచ్చినవాడికి ఛార్జి అప్పగించనిదే ఏ ఉద్యోగినీ రిలీవ్ చేయరాదని ఆ నియమం చెబుతుంది. దాన్ని సైన్యం కోసం రాయలేదు. వెనకెప్పుడో స్టోర్సు గుమాస్తా ఒకాయన బదిలీ మీద పోతూ బీరువా తాళంచెవి జేబులో వేసుకుపోయాడు. ఆర్నెల్లపాటు శాఖ మొత్తం గుండుసూదులు లేకుండా బతికింది. మళ్లీ అలాంటి ఘోరం జరగకూడదని ఆ నియమం పెట్టారు. అందులో సిపాయిలకు మినహాయింపు ఉందేమోనని నాలుగుసార్లు వెతికాను. లేదు. ఆ సంగతి కనిపెట్టి నోటు రాసింది నేనే. ఈ మాట మొదటే ఒప్పుకుంటున్నాను.

కార్యదర్శి త్రివిక్రమవర్మగారు ఆ నోటు చదివి నన్ను గదిలోకి పిలిచి కుర్చీ చూపించారు. కార్యదర్శిగారి ముందు కూర్చోవడం నా సర్వీసులో అదే మొదలు.

"ఉపసంహరణ అనేది ఆవేశంతో చేసే పని కాదు సోమయాజులుగారూ. అది నిబంధనలకు లోబడి, దశలవారీగా, ఏ దశలోనూ ఖాళీ ఏర్పడకుండా నిర్వహించవలసిన ప్రక్రియ" అన్నారు ఆయన.

ఖాళీ ఏర్పడకూడదంటే వెనక్కి రావలసిన ప్రతి సిపాయికీ ఒక రిలీవరు వెళ్లాలి. అంటే ఆరువందల నలభై మందిని వెనక్కి రప్పించడానికి మరో ఆరువందల నలభై మందిని పంపాలి. ఆ సాయంత్రం ఇంటికెళ్లి మా ఆవిడ కామేశ్వరితో ఈ సంగతి గొప్పగా చెప్పాను. ఆవిడ నా హార్మోనియం మీద దుమ్ము దులుపుతోంది. రిటైరయ్యాక నేర్చుకుందామని ఎనిమిదేళ్ల కిందట కొన్నాను దాన్ని. పిలిపించడానికి పంపడమేమిటండీ అని అడిగింది. ఇంట్లోవాళ్లకి ఆఫీసు వ్యవహారాలు అర్థం కావు కనుక నేను కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాను.

ఉపసంహరణ దళం అని పేరు పెట్టి ఆరువందల నలభై మందిని ఓడ ఎక్కించారు. మంత్రిగారు జెండా ఊపారు. రప్పించడం కోసం పంపిన ప్రభుత్వం చరిత్రలో తమదొక్కటేనని ఆయన చెబితే జనం చప్పట్లు కొట్టారు. బళ్లలో ఉపసంహరణ వారోత్సవాలు జరిపి పిల్లలకి వ్యాసరచన పోటీలు పెట్టారు. మొదటి బహుమతి వచ్చిన పాపకి మంత్రిగారు బొమ్మ తుపాకీ ఇచ్చారు.

ఆ రోజుల్లోనే పైడమ్మ మా ఆఫీసుకి రావడం మొదలుపెట్టింది. ఆవిడ భర్త అప్పలసూరి గుట్ట మీద సిపాయి. సోమవారం మా శాఖలో ఫిర్యాదుల దినం. ఆ రోజు పొద్దున పది గంటలకల్లా వచ్చి నా బల్ల ముందు నిలబడేది. ఐదేళ్ల కూతుర్ని వెంట తెచ్చేది. అతను వెళ్లేనాటికి ఆ పిల్లకి మూడో నెల. ఒకే ప్రశ్న అడిగేది. "మా యింటాయన ఎప్పుడొత్తాడు బాబూ?"

రిలీవరు బయల్దేరాడమ్మా, ఛార్జి ఇవ్వగానే వస్తాడని చెప్పాను. ఆవిడ సంతోషంగా వెళ్లింది.

నెల తిరక్కుండా గుట్ట మీద నుంచి ఛార్జి లిస్టు వచ్చింది. తుపాకులు సరిపోయాయి, గుడారాలు సరిపోయాయి, గంజి కాచే గుండిగ సరిపోయింది. మొదటి పద్దు దగ్గర మాత్రం చిక్కొచ్చింది. అక్కడ ఇలా రాసి ఉంది: గుట్ట, ఒకటి, ఎత్తు నలభై అడుగులు, స్థితి బాగుంది. ఐదేళ్ల కిందట ఆ గుట్టను లెక్కకి తీసుకుని సంతకం పెట్టినవాడు అప్పలసూరి. దస్తూరీ బాగుంటుందని దళం తరపున ఆ పని అతనికి అప్పజెప్పారట. ఇప్పుడు కొత్త దళం హవల్దారు టేపు పెట్టి కొలిచి చూస్తే గుట్ట ఇరవై ఎనిమిది అడుగులే తేలింది. నలభై అడుగుల గుట్టకి సంతకం పెట్టి ఇరవై ఎనిమిది అడుగుల గుట్ట తీసుకోనని అతను భీష్మించాడు. అతను చేసింది సబబేనని నేను ఫైల్లో రాశాను. కార్యదర్శిగారు అతనికి ప్రశంసాపత్రం పంపారు.

పన్నెండు అడుగుల గుట్ట ఏమైందో సంజాయిషీ చెప్పాలని అప్పలసూరికి మెమో వెళ్లింది. ఫిరంగి గుండ్లు పడి కొట్టుకుపోయిందని చక్కటి దస్తూరీతో జవాబు రాశాడు. ఎవరి గుండ్లకి ఎన్ని అడుగులు పోయాయో విడివిడిగా చెప్పమని ఇంకో మెమో వెళ్లింది. ఈలోగా గుట్ట మీద ఆరువందల నలభై మందికి బదులు పన్నెండువందల ఎనభై మంది తయారయ్యారు. పాతవాళ్లు దిగడానికి లేదు. కొత్తవాళ్లు దిగడానికి అసలే లేదు. వెనక్కి రప్పిస్తామని రెట్టింపు చేశారేమిటని పత్రికలవాళ్లు అడిగితే, ఉపసంహరణలో పాల్గొంటున్న సిబ్బంది సంఖ్య నూటికి నూరు శాతం పెరిగిందని, ఇది ప్రభుత్వ చిత్తశుద్ధికి నిదర్శనమని కార్యదర్శిగారు ప్రకటన చేశారు. ఆ ప్రకటన కూడా నేను రాసిందే.

అంత ఇరుకు గుట్ట మీద అంతమంది నిలబడితే కింద నుంచి కాల్చేవాడికి గురి చూడవలసిన అవసరం కూడా ఉండదు. ఒక మధ్యాహ్నం కొత్త దళంలో ముగ్గురు పోయారు. శవాలు ఓడలో వచ్చాయి. ఆ సోమవారం పైడమ్మ వచ్చి, రేవులో చూసొచ్చానని చెప్పి, వాళ్లెవరికి ఛార్జి ఇచ్చి వచ్చారని అడిగింది. నియమావళి తెరిచి చూపించాను. నలభై ఏడు కింద ఉపనియమం ఒకటి ఉంది. మరణించిన ఉద్యోగి విషయంలో ఛార్జి అప్పగింత అవసరం లేదు.

ఆవిడ ఆ పుస్తకం వైపు కాసేపు చూసింది. చదవడం రాదు.

"సచ్చిపోతే ఒగ్గేత్తారన్నమాట" అంది. "బతికున్నోడికి ఏ రూలూ లేదా బాబూ?"

పిల్ల నా బల్ల మీద రబ్బరు స్టాంపు తీసి తన అరచేతి మీద గుద్దుకుంది. 'పరిశీలనలో ఉంది' అని పడింది. బీరువా తాళంచెవి జేబులో వేసుకుపోయిన ఆ గుమాస్తాని తిట్టుకున్నాను, తరవాత నన్ను నేను తిట్టుకున్నాను. ఆ నోటు రాసినందుకు నాకు సిగ్గేసింది. కానీ నాకు తెలిసిన పనల్లా నోటు రాయడమే. అందుకని మర్నాడు ఇంకో నోటు రాశాను.

అప్పలసూరి రెండో మెమోకి ఇచ్చిన జవాబు ప్రకారం, పోయిన పన్నెండు అడుగుల్లో ఏడు అడుగులు శత్రువు గుండ్ల వల్ల పోయినవి కనుక ఆ ఏడూ శత్రువే పూడ్చాలని అందులో వాదించాను. కార్యదర్శిగారికి వాదన నచ్చింది. తుంబారా సేనాని పేరు ఒలింబా. ఆయనకి లేఖ వెళ్లింది. సదరు గుట్టకు తమరు కలిగించిన ఏడు అడుగుల లోటును ఈ లేఖ అందిన ముప్ఫై రోజుల్లోగా భర్తీ చేయవలసిందిగా కోరడమైనది అని.

ఒలింబా మర్యాద తెలిసిన మనిషి. మట్టి మోస్తే మీవాళ్లు వెళ్లిపోతారా అని అడిగాడు. వెళ్లిపోతారని రాశాం. మూడో రోజునుంచి తుంబారా సిపాయిలు గంపలెత్తుకుని గుట్ట ఎక్కారు. మనవాళ్లు తట్టలు పట్టారు. గుండు పడితే మట్టి కారిపోతుంది కనుక కాల్పులు ఇరువైపులా ఆపేశారు. యుద్ధం ఆగిపోయిందని, మట్టి పని ముమ్మరంగా సాగుతోందని అప్పలసూరి ఇంటికి ఉత్తరం రాశాడు. పైడమ్మ దాన్ని నాచేత చదివించుకుంది. ఒలింబా గంప ఎత్తితే అప్పలసూరి తలపాగా సర్దుతున్నాడట. భోజనాలు కూడా ఒకే గుండిగలో వండుకుంటున్నారట. మరైతే ఇంకేటి అడ్డం బాబూ అని ఆవిడ అడిగింది. గుట్ట నలభై అడుగులు కావాలమ్మా, అంతే అన్నాను.

ఇళ్లకి వెళ్లాలన్న తొందరలో మనవాళ్లూ, వీళ్లని పంపించాలన్న తొందరలో వాళ్లూ కొలత చూసుకోలేదు. హవల్దారు టేపు పెట్టేసరికి నలభై మూడు అడుగులు తేలింది.

లోటు ఎంత తప్పో మిగులు అంతకన్నా పెద్ద తప్పు. అదనంగా వచ్చిన మూడు అడుగుల మట్టి ఎక్కడిదని విచారిస్తే గుట్ట కింద, తుంబారా భూభాగంలోంచి తవ్వినదని తేలింది. కార్యదర్శిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఉపసంహరణ జరుగుతున్న సమయంలో మనం పరదేశపు భూమిని మూడు అడుగుల మేర ఆక్రమించుకున్నామని, ఇది విదేశాంగ శాఖ అనుమతి లేని విస్తరణ అని ఆయన అన్నారు. తవ్వేయమని ఆజ్ఞ వెళ్లింది. తవ్వితే ముప్ఫై తొమ్మిదయింది. ఒక అడుగు పోశారు. వాన కురిసి ముప్ఫై ఆరయింది. ఇలా ఆ ఏడాది గుట్ట పెరుగుతూ తరుగుతూ ఉండగా, మళ్లీ కాల్పులు మొదలుపెట్టమంటారా, కాస్త నడుములు వాల్చుకోవచ్చునని రెండు సైన్యాలూ కలిసి మాకొక విజ్ఞప్తి పంపుకున్నాయి.

చివరికి ఒలింబాకే విసుగొచ్చింది. గుట్ట ఎంత ఎత్తున్నా పరవాలేదు, ఉన్నది ఉన్నట్టుగా నేను సంతకం పెట్టి తీసుకుంటాను, ఎలాగూ అది మా ఊరి గుట్టే కదా అని రాశాడు. కార్యదర్శిగారు ఆ ఉత్తరం పక్కన పడేశారు. మన శాఖ ఉద్యోగి కానివాడు ఛార్జి తీసుకోవడానికి అనర్హుడు.

ఆ పడేసిన ఉత్తరం నేను తీశాను. ఒలింబా ఉద్యోగి కాకపోతే ఉద్యోగంలో వేసుకుంటే సరిపోతుందని నోటు పెట్టాను. ఆ రోజు కార్యదర్శిగారు నన్ను రెండోసారి కూర్చోబెట్టి టీ కూడా తెప్పించారు.

నియామకాలు జోరుగా సాగాయి. తుంబారా సైన్యం చాలకపోతే ఒలింబా పక్క ఊళ్లనుంచి బంధువులని పిలిపించాడు. పోయిన ముగ్గురికి రిలీవర్లు అక్కర్లేదు కనుక మొత్తం పన్నెండువందల డెబ్బై ఏడు మంది మన దేశానికి విధేయులమని ప్రమాణం చేశారు. దరఖాస్తులో పూర్వానుభవం అన్నచోట, శత్రువుగా ఆరేళ్లు అని ఒలింబా రాశాడు. సంబంధిత రంగంలో అనుభవం కనుక అతనికి రెండు మార్కులు ఎక్కువ వేశాం. వాళ్లు పొద్దున చేరారు, మధ్యాహ్నానికి సంతకాలు పెట్టారు, సాయంత్రానికి మనవాళ్లు ఓడ ఎక్కారు. ముప్ఫై ఆరు అడుగుల గుట్టని ఒలింబా కళ్లు మూసుకుని తీసుకున్నాడు.

అప్పలసూరి రిలీవింగు కాగితం ఇవ్వడానికి మా సెక్షనుకి వచ్చాడు. బక్కచిక్కి ఉన్నాడు. గోళ్లలో ఎర్రమట్టి ఇంకా పోలేదు. పిల్ల వాళ్లమ్మ చీర వెనక దాక్కుని ఇతన్ని తొంగి చూస్తోంది. అతను కూడా ఆ పిల్లని సరిగ్గా చూడడానికి సిగ్గుపడుతున్నాడు. నాకు చాలా సంతోషమైంది. మా శాఖలో పని పూర్తవడం నేనంతకుముందు చూసి ఎరగను.

రెండు నెలలు గడిచాయి. శాసనసభలో ఎవరో సభ్యుడు లేచి, ప్రస్తుతం తుంబారాలో మన సైనికులు ఎంతమంది ఉన్నారని మంత్రిగారిని అడిగాడు. సభకు అబద్ధం చెప్పకూడదు. రిజిస్టరు చూసి పన్నెండువందల డెబ్బై ఏడు మంది అని మంత్రిగారు చెప్పారు. సభలో గొడవ రేగింది. రెండేళ్ల కిందట ఆరువందల నలభై మందిని రప్పిస్తామని తీర్మానించి, ఈ రోజుకీ ఇంతమందిని అక్కడే ఉంచడం సిగ్గుచేటని ప్రతిపక్షం అంది. అధికార పక్షం కూడా సిగ్గుచేటేనని ఒప్పుకుంది. ఆ సైనికులని కూడా తక్షణం వెనక్కి రప్పించాలని ఏకగ్రీవంగా తీర్మానం చేశారు.

కార్యదర్శిగారు నన్ను పిలిచారు. ఒలింబా దళాన్ని రిలీవ్ చేయడానికి మనుషులు కావాలి.

"గుట్టతో పూర్వపరిచయం ఉన్నవారిని పంపడం సముచితం" అన్నారు. "మొదటి విడతలో ఆరువందల నలభై మంది సిద్ధంగా ఉన్నారు కదా. పాత జాబితా ప్రకారమే ఉత్తర్వు తయారు చేయండి. మిగతావారి సంగతి రెండో విడతలో చూద్దాం."

సరేనండి అని వచ్చి ఫైలు తెరిచాను. జాబితా రెండువందల పన్నెండో పేజీలో ఉంది. కాగితానికి రెండు వైపులా సన్నటి అక్షరాలతో ఆరువందల నలభై పేర్లు, మొదటి పేరు అప్పలసూరిది. రాసింది కూడా అతనే. కింద నా పొట్టి సంతకం. ఆ జాబితాకి ఇంకో ప్రతి లేదు. కాగితం ఆదా చేయాలని ప్రతులు తీయించవద్దని వెనక ఒక నోటు పెట్టిన మహానుభావుణ్ణి కూడా నేనే.

నేను రిటైరు కావడానికి పదకొండు రోజులుంది. అభ్యంతరం చెబుతూ నోటు రాయవచ్చు. కానీ దానికి జవాబుగా ఏ నియమం వస్తుందో, ఆ నియమానికి ఏ ఉపనియమం తోడవుతుందో నాకు కార్యదర్శిగారికన్నా బాగా తెలుసు. నోట్లు రాసి ఎవరినైనా పంపగలను గానీ ఎవరినీ ఆపలేను.

రెండు రోజులకి సోమవారం వచ్చింది. పైడమ్మ ఫిర్యాదు చేయడానికి కాదు, సున్నుండలు ఇచ్చి పోదామని వచ్చింది. పిల్ల ఈమధ్య వాళ్ల నాన్న దగ్గరే పడుకుంటోందని చెప్పింది. నేను ఆ పేజీ ఫైలునుంచి చింపాను. ఇన్నేళ్ల సర్వీసులో ఫైలునుంచి నేను చింపిన మొదటి కాగితం అది. నాలుగు మడతలు పెట్టి ఆవిడ చేతిలో పెట్టాను. ఇంట్లో దాచుకో, ఎవరడిగినా ఇవ్వకు అని చెప్పాను. ఆవిడ దాన్ని రవిక లోపల పెట్టుకుని వెళ్లిపోయింది.

రిటైరయ్యే రోజున నాకు దండ వేశారు, శాలువా కప్పారు. నియమావళికి నేను ప్రాణం పోశానని కార్యదర్శిగారు ప్రసంగించారు. కామేశ్వరి ఇంట్లో పులిహోర చేసి, హార్మోనియం చాప మీదికి దింపి ఉంచింది. నా స్థానంలోకి మృత్యుంజయం అనే అతను వచ్చాడు. నా దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఛార్జి తీసుకునేముందు ఫైలు పేజీలు లెక్కపెట్టాడు. రెండువందల పదకొండు తరవాత రెండువందల పదమూడు వచ్చింది. మళ్లీ లెక్కపెట్టాడు. కలం మూతపెట్టి, క్షమించండి గురువుగారూ, ఈ ఫైలు నేను తీసుకోలేను అన్నాడు.

నువ్వు చేసింది సబబేనని అతనికి చెప్పాను.

పోయిన పేజీ ఆచూకీ తీయడానికి కమిటీ వేశారు. ఆ ఫైలు గురించి క్షుణ్ణంగా తెలిసినవాణ్ణని కమిటీకి కన్వీనరుగా నన్నే నియమించారు. కమిటీ తేల్చేదాకా జాబితా లేదు. జాబితా లేనిదే ఉత్తర్వు లేదు. ఛార్జి తీసుకునేవాడు లేడు కనుక నేను రిలీవ్ కావడం కూడా లేదు. ఇది జరిగి ఏడాదిన్నరయింది. దండ బీరువా మీద ఎండిపోయి ఉంది. కమిటీ పదకొండుసార్లు సమావేశమైంది. పురోగతి సంతృప్తికరంగా ఉందని ప్రతిసారీ రాస్తున్నాను.

మొన్న సోమవారం పైడమ్మ, అప్పలసూరి, పిల్ల ముగ్గురూ వచ్చారు. అతను రేవులో తూకాలు రాసే పనిలో చేరాడట. పిల్ల ఎనిమిదేళ్లు దాటినా అతని భుజం మీదే కూర్చుని ఉంది. మనిషి ఒళ్లు చేశాడు, గోళ్లు శుభ్రంగా ఉన్నాయి. పైడమ్మ నా నెరిసిన తల వైపు, బల్ల వైపు, ఎండిన దండ వైపు చూసింది.

"తమరింటికెప్పుడెల్తారు బాబూ?" అంది.

"ఛార్జి తీసుకునేవాడు రావాలమ్మా" అన్నాను.

ఆవిడకి అర్థమైంది. భర్త వైపు చూసింది. అతను పిల్లని భుజం మీంచి దించి నేల మీద నిలబెట్టాడు.

"ఆ కాయితం తెచ్చి ఇచ్చీమంటారా?" అని అడిగింది ఆవిడ, మెల్లగా.

నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నాకు మా ఇల్లు కళ్లముందు కనిపించింది. పిల్ల బల్ల మీద స్టాంపు కోసం చెయ్యి చాపింది. ఇచ్చాను.

"వద్దమ్మా" అన్నాను. "ఎవరడిగినా ఇవ్వకు. నేనడిగినా సరే."

మర్నాడు హార్మోనియం ఆఫీసుకి తెచ్చుకున్నాను. బీరువా పక్కన జాగా ఉంది. దాన్ని కూడా ఛార్జి లిస్టులో ఎక్కించాలని మృత్యుంజయం గుర్తుచేశాడు. ఎక్కించాను.